ఎయిర్‌డ్రీలో ఇల్లు కొనబోయే మేనకోడలికి

చి. సౌ. లావణ్యకు, అల్లుడుగారికి,

మామయ్య ఆశీస్సులు. వాట్సాప్‌లో నువ్వు పంపిన మా ఎయిర్‌డ్రీ ఇళ్ల లింకులు మూడూ చూశాను. మీ అత్తయ్యకు కూపర్స్ క్రాసింగ్ ఇంట్లో స్పైస్ కిచెన్, అదే ఘాటు వంటలకు వేరుగా ఉండే రెండో వంటగది, తెగ నచ్చేసింది. నన్నడిగితే వంటగది సంగతి తర్వాత. పొద్దున్నే మీరిద్దరూ ఎటు వెళ్తారు, ఎన్నింటికి బయల్దేరతారు, ఎవరు కారు తీస్తారు అన్నది ముందు తేలాలి. ఆ లెక్క కుదిరిన వాళ్లకు ఇంత తీరికైన ఊరు క్యాల్గరీ చుట్టుపక్కల దొరకదు. కుదరని వాళ్లు రెండేళ్లకే ఇల్లు అమ్మకానికి పెట్టడం నేను చూస్తూనే ఉన్నాను.

కెనడాలో ఆల్బర్టా రాష్ట్రంలోని ఈ ఎయిర్‌డ్రీ, క్యాల్గరీ డౌన్‌టౌన్‌కి ఉత్తరాన ముప్పై కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఒకప్పుడు ఎడ్మంటన్ వెళ్లే రైలు దారిలో చిన్న స్టాపు. పేరు స్కాట్లండ్‌లోని ఒక ఊరిది. 1909లో గ్రామం, 1985లో నగరం అయింది. 2001 జనాభా లెక్కల్లో ఇరవై వేల పైన ఉన్నవాళ్లు 2021కల్లా 74,100 అయ్యారు. అర్థమైంది కదా, ఇళ్లు పరిగెత్తాయి, మిగతావన్నీ వెనకాల నడుస్తున్నాయి. స్కూళ్లు కిక్కిరిసిపోయి ఆవరణలో పోర్టబుల్ గదులు పెట్టి పాఠాలు చెబుతున్నారు. కాబట్టి ఏజెంటు "స్కూలు పక్కనే" అన్నాడని మురిసిపోకు. ఆ అడ్రసుకి ఏ స్కూలు వస్తుందో ఇక్కడి ప్రభుత్వ స్కూళ్ల బోర్డు రాకీ వ్యూ స్కూల్స్ వాళ్ల వెబ్‌సైట్లో నువ్వే చూసుకో. క్యాథలిక్ స్కూళ్లు మాత్రం క్యాల్గరీ క్యాథలిక్ బోర్డు కింద ఉంటాయి, అది వేరే దారి.

ఇక దారి. క్వీన్ ఎలిజబెత్ టూ హైవే ఊరిని నిలువునా రెండు ముక్కలు చేస్తుంది. నువ్వు పంపిన వాటిలో కింగ్స్ హైట్స్ ఇల్లు తూర్పున, మిగతా రెండూ పడమటి వైపు. అల్లుడుగారి ఆఫీసు డౌన్‌టౌన్‌లోనే కనక ఆయనకు ఐస్ (ICE, ఇంటర్‌సిటీ ఎక్స్‌ప్రెస్) బస్సు ఉంది. పనిదినాల్లో పొద్దున డౌన్‌టౌన్‌కి, సాయంత్రం వెనక్కి. డౌన్‌టౌన్‌లో పార్కింగుకి కట్టే డబ్బుతో పోలిస్తే బస్సు పాస్ ఎంతో నయం. అయితే మీరనుకున్న ఇంటి నుంచి బస్సు స్టాపుకి నడిచి వెళ్లగలరా, మైనస్ ఇరవై ఐదులో కూడా నడవగలరా అన్నది ఆయన్నే అడుగు. నీ సంగతి వేరు. ల్యాబ్‌లో ఏడింటి షిఫ్టంటే బస్సు వేళలు నీకు కుదరవు, కారు తప్పదు. అంటే రెండో కారు, దాని ఇన్సూరెన్సు, శీతాకాలపు టైర్లు. ఈ ఖర్చంతా కలిపాక కూడా క్యాల్గరీలో ఇంటి కంటే ఇక్కడ చవకేనా అని కాగితం మీద రాసి చూసుకోండి. చాలామంది ఇళ్ల ధరలు మాత్రమే పక్కపక్కన పెట్టి చూస్తారు.

హైవే ఎక్కడానికి యాంకీ వ్యాలీ బులవార్డ్ దగ్గర పొద్దున పూట బారులు తీరతాయి. 2023లో దక్షిణాన 40వ ఎవెన్యూ ఇంటర్‌ఛేంజ్ తెరిచాక ఆ వైపు వాళ్లకు కొంత ఊరట. ఊరు దాటాక బాల్జాక్ అనే పల్లె, ఆ తర్వాత క్యాల్గరీలోకి వెళ్లే డీర్‌ఫుట్ ట్రయిల్ హైవే. అక్కడ ఒక్క కారు ఇంకో కారుని తగిలిందంటే చాలు, అందరూ ఆగిపోవాల్సిందే. నీ ల్యాబ్ క్యాల్గరీ నార్త్ ఈస్ట్‌లో కాబట్టి స్టోనీ ట్రయిల్ రింగురోడ్డు మీదుగా తప్పించుకోవచ్చు, ఆ దారీ నేర్చుకో.

ఇప్పుడు ఫిబ్రవరి కావడం మీ అదృష్టం. జూన్‌లో ఇల్లు చూసేవాళ్లకు ఈ ఊరు సగమే కనిపిస్తుంది. ఆదివారం రాత్రి మా ఇంటికి వచ్చి పడుకోండి. సోమవారం పొద్దున ఆరింటికి లేచి, మీరు కొనాలనుకున్న ఇంటి ముందు నుంచి ఎవరి కారులో వాళ్లు, ఎవరి ఆఫీసుకి వాళ్లు వెళ్లి చూడండి. సాయంత్రం నాలుగున్నరకి తిరుగు దారి కూడా. బాల్జాక్ చుట్టూ అడ్డుగా ఏమీ లేని మైదానం. ఆకాశం నిర్మలంగా ఉన్నా సరే, గాలి లేచిందంటే పొలాల్లోని పొడిమంచు రోడ్డుకి అడ్డంగా పాముల్లా పాకుతూ వస్తుంది. ముందు కారు వెనక లైట్లు కాసేపు కనిపిస్తాయి, కాసేపు మాయమవుతాయి. అప్పుడు గట్టిగా బ్రేకు తొక్కకూడదు, లేన్ మారకూడదు. మెల్లగా వేగం తగ్గించి, లైట్లు వేసి ఉన్నాయో లేదో చూసుకో. పగటిపూట దానంతటదే వెలిగే ముందు లైటుని నమ్ముకుని వెనక లైట్లు వెయ్యని వాళ్లు ఎంతమందో. ఇంకోటి షినూక్. రాకీ పర్వతాల మీంచి వెచ్చటి గాలి దిగి ఒక్క పూటలో మంచు కరిగించేస్తుంది, అందరూ సంబరపడతారు. ఆ నీళ్లే రాత్రికి గడ్డకట్టి మర్నాడు వంతెనల మీద కంటికి కనపడని మంచు పొర అవుతుంది. బయల్దేరే ముందు రోడ్ల పరిస్థితి చెప్పే 511 ఆల్బర్టా చూడటం అలవాటు చేసుకో. టైరు మీద కొండ, మధ్యలో మంచురేకు గుర్తు ఉంటేనే అసలైన శీతాకాలపు టైరు. ఆల్ సీజన్ చాలని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకో.

ఇల్లు చూసేటప్పుడు లోపల పది నిమిషాలు చాలు, బయట అరగంట తిరగండి. ఇది వడగళ్ల ప్రాంతం. 2014 ఆగస్టులో పడిన వడగళ్లకు ఊళ్లో వీధులకు వీధులే దెబ్బతిన్నాయి. వాన నీళ్లు దిగే రేకు గొట్టాల మీద అరచేత్తో తడిమి చూడు, కంటికి కనపడని సొట్టలు చేతికి తెలుస్తాయి. బయటి గోడలకు తొడిగే వినైల్ సైడింగ్ మీద నాణెమంత చిల్లులు, కిటికీ జాలీలకు చిరుగులు, ఏసీ పెట్టె రేకులు వంగి ఉండటం, ఇవన్నీ ఒకే వైపు గోడన కనిపిస్తే సందేహం అక్కర్లేదు. పైకప్పు షింగిల్స్ ఏ ఏడాది వేశారో, క్లెయిము చేసి ఆ డబ్బుతో నిజంగా బాగు చేయించారో లేదో అడగండి. ఆఫర్ ఖాయం కాకముందే ఇన్సూరెన్సు వాళ్లకు ఫోను చెయ్యి. వడగళ్లకు మన జేబులోంచి ఎంత పెట్టుకోవాలి, కప్పు పోతే కొత్త కప్పు ధర ఇస్తారా, పాతబడిన మేరకు తగ్గించి ఇస్తారా అని రెండు ప్రశ్నలు అడుగు. జవాబు రాతపూర్వకంగా తీసుకో.

మూడోది కొత్త ఇల్లు కదా. ధరలో ఐదు శాతం జీఎస్టీ కలిసే ఉందా అని మొదట అడగండి. ఫెన్సు, డెక్కు, గడ్డి, కిటికీ బ్లైండ్లు సాధారణంగా మన ఖర్చే. ఆల్బర్టాలో కొత్త ఇళ్లకు వారంటీ తప్పనిసరి. పనితనానికి ఏడాది, ప్లంబింగు, కరెంటు లాంటి వాటికి రెండేళ్లు, పైకప్పు, గోడల్లాంటి బయటి కవచానికి ఐదేళ్లు, ఇంటిని మోసే ప్రధాన నిర్మాణానికి పదేళ్లు. ఏడాది నిండక ముందే ఇంట్లో ప్రతి పగులూ ఫోటో తీసి బిల్డరుకి మెయిలు పెట్టండి. ఫోన్లో చెప్పినవి నిలవవు. ఇక్కడ ఆస్తి బదిలీ పన్ను లేదు, రిజిస్ట్రేషన్ రుసుమే. అంటారియోలో కొన్న మీ స్నేహితుల లెక్కలు మీకు పనికిరావు.

అమ్మానాన్నల కోసం బేస్‌మెంట్ సూట్, అంటే కింది అంతస్తులో విడిగా ఉండే వాటా, ఉన్న ఇల్లే కావాలంటున్నావు. పక్క నుంచి తలుపు, కింద వంటగది ఉన్నంత మాత్రాన అది లీగల్ సూట్ అయిపోదు. సిటీ హాల్లో అడిగితే చెబుతారు. మరో మాట, అక్కయ్యా బావగారూ ఇక్కడ కారు నడపరు. మీరు డ్యూటీలకు వెళ్లాక వాళ్లు నడిచి వెళ్లడానికి ఏముందో చూడండి. నోస్ క్రీక్ పార్కు చుట్టుపక్కలైతే ఎండాకాలంలో హాయిగా తిరగొచ్చు, డిసెంబరులో అక్కడ పెట్టే దీపాలు చూడటానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. ఊరి చివర కొత్త కాలనీలో మాత్రం మట్టి, గాలి తప్ప ఏముండవు.

ఊళ్లో అర్జెంట్ కేర్ ఉంది, పెద్దాసుపత్రి లేదు. కాన్పుకైనా, గుండెనొప్పికైనా క్యాల్గరీయే. నాన్నగారికి స్టెంటు వేశారు కాబట్టి ఈ ఒక్క కారణం చేతనే తూర్పు వైపు, హైవేకి దగ్గరగా ఉన్న ఇల్లు నాకు నచ్చింది. తాగే నీళ్లు కూడా క్యాల్గరీ నుంచే. 2024 జూన్‌లో అక్కడ పెద్ద పైపు పగిలితే ఇక్కడ మేమూ స్నానాలు తగ్గించుకున్నాం. కరివేపాకు, సోనా మసూరికి వారానికోసారి నార్త్ ఈస్ట్ వెళ్లాలి. నీ డ్యూటీ అటే కాబట్టి నీకది పనే కాదు. కాస్ట్‌కో బాల్జాక్ దగ్గరే ఉంది.

మూడింట్లో నా ఓటు కింగ్స్ హైట్స్ ఇంటికి. పాతదే, స్పైస్ కిచెన్ లేదు, మీ అత్తయ్య నాతో మాట్లాడటం మానేసినా సరే. ఆఫర్ రాసేటప్పుడు బ్యాంకు లోను, ఇన్‌స్పెక్షన్ రెండు షరతులూ తీసెయ్యనివ్వకండి, "ఇంకో పార్టీ వస్తోంది" అని ఏజెంటు ఎంత తొందరపెట్టినా. ఇన్‌స్పెక్టరుతో పాటు అల్లుడుగారు కూడా అటక దాకా ఎక్కాలి. చలికాలంలో అక్కడ తేమ గడ్డకట్టి మేకుల చివర తెల్లగా పేరుకుని ఉంటే, గాలి ఆడటం లేదని అర్థం. స్థలం హద్దులు, కట్టడాలు చూపే సర్వే పత్రం, అదే రియల్ ప్రాపర్టీ రిపోర్టులో డెక్కు, షెడ్డు చూపించారా, వాటికి సిటీ ముద్ర ఉందా అని లాయరు చేత చూపించండి.

ఆదివారం ఎన్నింటికి వస్తారో అత్తయ్యకు చెప్పు. కారు ఇంజన్ని వెచ్చబెట్టే బ్లాక్ హీటర్ వైరు మర్చిపోకండి, మా గరాజు బయట ప్లగ్గు ఉంది.

ఇట్లు,
మీ మామయ్య