నడక కంటే ముందు చేతుల సంగతి చూడు

చిరంజీవి రవికి,
పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన స్కాన్లు, రిపోర్టులు చూశాను. శీనుకి మెడ దగ్గర ఎముక విరిగి వెన్నుపాముకి దెబ్బ తగిలిన రోజే ఆపరేషన్ అయింది, అది నిజంగా మంచి విషయం. మెడ గాయాల మీద 2012లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో, 24 గంటల లోపు ఆపరేషన్ జరిగినవాళ్లలో 19.8 శాతం మంది ఆరు నెలలకు, గాయం తీవ్రతను చెప్పే 'ఏ' నుంచి 'ఈ' దాకా గ్రేడ్లలో, రెండు మెట్లో అంతకు మించో మెరుగయ్యారు. ఆలస్యమైనవాళ్లలో 8.8 శాతమే.

అయితే ఆ ఆపరేషన్‌లో ఏం చేశారో తెలుసుకో. విరిగిన ఎముకను సర్ది, వెన్నుపాము మీద ఒత్తిడి తీసేసి, స్క్రూలతో బిగించారు. లోపల తెగిన నరాల పోగుల్ని ఎవరూ అతకలేదు. అతికే విద్య ఇంకా ఎవరి చేతికీ రాలేదు. "ఇంకా పెద్ద సర్జన్ దగ్గర మళ్లీ చేయిస్తే నడుస్తాడా?" అని అడిగావు. ఒత్తిడి ఇంకా మిగిలుంటేనో, బిగించినవి కదిలితేనో తప్ప మళ్లీ కోయించే పని లేదు.

అన్నిటికంటే తీవ్రమైన 'ఏ' గ్రేడు అన్నారని మీ అమ్మ టెన్షన్ పడుతోందట. మొదటి రోజుల్లో వెన్నుపాము షాక్‌లో ఉంటుంది. అప్పుడు వేసిన గ్రేడుతో జీవితమంతా లెక్కకట్టకూడదు. పిన్నుతో, దూదితో ఒక్కో పక్క 28 చోట్ల తాకి చూసి, కండరాల బలానికి మార్కులు వేసే ఆసియా (ASIA, అంటే అమెరికా వెన్నుగాయాల సంఘం) పరీక్షను కొన్ని వారాలకు మళ్లీ చేయమని అడుగు. అందులో మలద్వారం దగ్గర స్పర్శ, బిగింపు కూడా చూస్తారు. సిగ్గుపడి అది వద్దనకండి. గాయం పూర్తిదా, అసంపూర్ణమా (అంటే అక్కడ కొంచెమైనా స్పర్శో బిగింపో మిగిలిందా) అన్నది తేలేది అక్కడే.

ఇక చేతులు. వచ్చిపోయేవాళ్లంతా నడక గురించే అడుగుతారు, నాకు ఒళ్లు మండేది అక్కడే. 2004లో ఒక సర్వేలో ముందు ఏది తిరిగి రావాలని కోరుకుంటారని అడిగితే, నాలుగు అవయవాలూ పడిపోయినవాళ్లలో దాదాపు సగం మంది చేతులే అన్నారు.

శీను మణికట్టు పైకి లేస్తోంది, వేళ్లు మాత్రం కదలట్లేదు అన్నావు కదా. వాడిని మణికట్టు లేపమని చెప్పి జాగ్రత్తగా చూడు. వేళ్లు వాటంతట అవే కొంచెం ముడుచుకుంటాయి, బొటనవేలు వచ్చి చూపుడువేలి పక్కకు ఆనుతుంది. మణికట్టు వాలిస్తే తెరుచుకుంటాయి. వేళ్లకు మెదడు నుంచి ఆజ్ఞ అందకపోయినా కండరాల చివరనుండే స్నాయువుల బిగువు వల్ల అలా జరుగుతుంది. రేపు వాడు చెంచా పట్టుకునేది, ఫోన్ ఎత్తుకునేది ఆ బిగువుతోనే. ఇంట్లోవాళ్లు ప్రేమకొద్దీ మణికట్టు వెనక్కి వంచి, వేళ్లన్నీ బార్లా చాపి సాగదీస్తుంటారు. అలా చేస్తే ఆ బిగువు కాస్తా పోతుంది. వేళ్లు చాపాలంటే మణికట్టు కిందికి వాల్చి చాపండి. మణికట్టు లేపినప్పుడు వేళ్లు ముడిచే ఉంచండి. డ్యూటీ మారినప్పుడల్లా కొత్తగా వచ్చే అటెండర్‌కి కూడా ఈ మాట చెప్పు.

చేతులకే ఇంకో దారి ఉంది, దానికి గడువుంది. మోచేతిని మడిచే కండరాలు ఒకటి కంటే ఎక్కువ ఉంటాయి. వాటిలో ఒకదానికి వెళ్లే నరం కొమ్మను మళ్లించి, వేళ్లను ముడిచే నరానికి కలుపుతారు. ఆ కొమ్మ గాయానికి పై నుంచి వచ్చేది కాబట్టి మెదడు మాట దాని దాకా చేరుతుంది. మెల్‌బోర్న్‌లో నటాషా వాన్ జిల్ బృందం 16 మందికి ఇలాంటి నరాల మార్పిడి చేసి 2019లో ఫలితాలు ప్రచురించింది. కలిపిన నరాల్లో కొన్ని పట్టలేదు. అయినా రెండేళ్లకు చాలామందికి మోచేయి చాపడం, పట్టుకోవడం, గిల్లినట్టు పట్టడం మెరుగయ్యాయి. నరం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరే పెరుగుతుంది, ఈలోగా కొన్ని కండరాలు ఎండిపోతాయి. అందుకే వీలైతే ఏడాది లోపే చేయించాలి. "తనంతట తానే వస్తుందేమో చూద్దాం" అంటూ రోజులు గడపకు. ఆరు నెలలు నిండేలోపు ఈ పని తెలిసిన చేతి సర్జన్‌కి చూపించు.

స్టెమ్ సెల్స్ (వేరే రకం కణాలుగా మారగల మూలకణాలు) గురించి నీకు వాట్సాప్‌లో వచ్చినవన్నీ చదివాను. పరిశోధన నిజమే. జపాన్‌లో కీయో విశ్వవిద్యాలయం నలుగురికి ఐపీఎస్ కణాల (మామూలు కణాలను మార్చి చేసే స్టెమ్ సెల్స్) నుంచి తయారైన నరాల కణాలు ఎక్కించి, ఇద్దరికి కదలికలు మెరుగయ్యాయని 2025లో చెప్పింది. కానీ వాళ్లకు ఎక్కించింది గాయమైన కొన్ని వారాల్లోనే. పైగా ఆ ఇద్దరికీ కణాల వల్లే వచ్చిందని నలుగురిని చూసి తేల్చలేం. ఇంకొక కేసు కూడా తెలుసుకో. ఒక అమ్మాయికి, అందులోని కణాలు నరాలను బాగుచేస్తాయన్న ఆశతో, ముక్కు లోపలి పొర తీసి వెన్నుపాములో పెట్టారు. ఎనిమిదేళ్ల తర్వాత నొప్పి వస్తే చూశారు, అక్కడ చీమిడి ఊరే గడ్డ పెరిగి ఉంది. 2014లో వైద్య పత్రికలోనే వచ్చింది. ట్రయల్‌లో చేర్చుకుంటామంటూ నీ దగ్గర డబ్బు అడిగారంటే అక్కడే ఆగిపో. నిజమైన ట్రయల్‌లో మందుకు, ఇంజెక్షన్‌కు రోగి దగ్గర వసూలు చేయరు.

వెన్నుపాముకి సన్నగా కరెంటు ఇచ్చి నరాలను ప్రేరేపించే పద్ధతి మీద నాకు కొంచెం ఎక్కువ ఆశ ఉంది. మెడ వెనక చర్మం మీద పెట్టే యంత్రానికి 2024 డిసెంబరులో అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. దాని ట్రయల్‌లో 60 మందిలో 72 శాతానికి చేతుల బలం, పనితనం రెండూ పెరిగాయి. అయితే అది అసంపూర్ణ గాయాలకే, అదీ పాతబడిన గాయాలకు, వ్యాయామంతో కలిపి. శీను విషయం రెండో ఆసియా పరీక్ష అయ్యాక మాట్లాడదాం.

వీటన్నిటికీ వాడి చర్మం, కిడ్నీలు బాగుండాలి. మంచం మీద రెండు గంటలకోసారి పక్క తిప్పండి, మడమలు, తుంటి దగ్గర ఎర్రబడిందేమో రోజూ చూడండి. ఎర్రదనం వేలితో నొక్కినా పోకపోతే ఆ పక్కకు మళ్లీ పడుకోబెట్టొద్దు.

ఈ ఒక్కటి కాగితం మీద రాసి మంచం దగ్గర అంటించు. హఠాత్తుగా తలనొప్పి, ముఖం ఎర్రబడటం, చెమటలు, బీపీ పెరగడం కనిపిస్తే పడుకోబెట్టకూడదు. వెంటనే కూర్చోబెట్టి, బిగుతు బట్టలు వదులు చేసి, కేథెటర్ (మూత్రం గొట్టం) మెలిపడిందేమో, మూత్రం ఆగిందేమో చూడాలి. కారణం దొరక్కపోయినా, బీపీ దిగకపోయినా అత్యవసర విభాగానికి తీసుకెళ్లాలి. మెడ గాయం ఉన్నవాళ్లకు వచ్చే ఈ ఇబ్బంది గురించి తెలియని డాక్టర్లు కూడా ఉంటారు, ఆ కాగితం వాళ్లకూ చూపించు.

మీ పెద్దమ్మ