రెస్టారెంట్‌లో నాలుగు బిల్లింగ్ కౌంటర్లు ఉన్నాయి. అన్నింటి నుంచీ బిల్లు, కేఓటీ (కిచెన్‌కి వెళ్లే ఆర్డర్ చీటీ) ప్రింట్ అవ్వాలంటే ఏ కంపెనీ ప్రింటర్ కొనాలి?

కంపెనీ సంగతి పక్కన పెట్టండి. 80 మి.మీ. థర్మల్ (కాగితం మీద వేడితో అక్షరం కొట్టే) ప్రింటర్లలో కాస్త పేరున్నది ఏది తెచ్చుకున్నా బిల్లు కొడుతుంది. చాలావరకు అన్నీ ఎప్సన్ వాళ్లు తెచ్చిన ఈఎస్‌సీ/పీఓఎస్ కమాండ్లనే వింటాయి కాబట్టి సాఫ్ట్‌వేర్ కూడా పెద్దగా పేచీ పెట్టదు. చూడాల్సింది వెనకాల నెట్‌వర్క్ కేబుల్ పెట్టే పోర్టు ఉందా లేదా అని. యూఎస్‌బీ ఒక్కటే ఉన్నది సగం ధరకి ఇస్తానన్నా నేనైతే తీసుకోను.

యూఎస్‌బీ ప్రింటర్ ఒక కంప్యూటర్‌కి బందీ. విండోస్‌లో షేర్ చేసి మిగతా మూడు కౌంటర్లకీ ఇవ్వొచ్చు, అలా నడిపేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. కానీ ఆ ఒక్క కంప్యూటర్ అప్‌డేట్ అంటూ రీస్టార్ట్ అయిందా, నలుగురూ చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. దానికి అప్‌డేట్ గుర్తొచ్చేది కూడా సరిగ్గా జనం మీద పడే టైముకే. ప్రింటర్ వైరు నేరుగా నెట్‌వర్క్ స్విచ్‌కి (నెట్‌వర్క్ కేబుళ్లన్నీ వచ్చి కలిసే పెట్టె) వెళ్తే ఎవరి గోల వాళ్లది.

వైరు తగిలించగానే పనైపోయిందనుకోకండి. అడ్రస్ ఉంది, అసలు తంటా అక్కడే. నేను ఫ్లోర్ మేనేజర్‌గా చేరిన చోట వేరే ఎవరూ ముట్టుకోకపోవడంతో ప్రింటర్లకీ నేనే దిక్కయ్యాను. సిస్టమ్స్ పెట్టినతను ప్రింటర్ల ఐపీ అడ్రస్‌లని (నెట్‌వర్క్‌లో ఒక్కోదాన్నీ గుర్తుపట్టే నంబర్లు) రౌటర్ ఇష్టానికి వదిలేసి వెళ్లాడు. నెలల తరబడి ఏ తేడా రాలేదు. ఒక శనివారం రాత్రి, టేబుళ్లన్నీ నిండి గుమ్మం దగ్గర ఇంకా జనం ఉండగా, కరెంటు అలా పోయి ఇలా వచ్చింది. కంప్యూటర్లకి యూపీఎస్ ఉంది, అవి కదల్లేదు. రౌటర్‌కీ కిచెన్ ప్రింటర్‌కీ లేదు.

కాసేపటికి వంట మాస్టర్ కిచెన్ కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏంటి సార్, జనం లేరా? ఒక్క కేఓటీ కూడా రావట్లేదు" అన్నాడు. నా వెనక హాలంతా కిటకిటలాడుతోంది. కౌంటర్లో చూస్తే ప్రతి ఆర్డర్ పక్కనా పచ్చ టిక్కు, అన్నీ పంపినట్టే. ప్రింటర్ దగ్గరికెళ్తే పచ్చ లైటు, లోపల నిండు రోలు. ఎక్కడికక్కడ అంతా సవ్యంగానే ఉంది, కాగితం తప్ప.

ప్రింటర్ ఆపేసి, ఫీడ్ బటన్ నొక్కిపట్టి మళ్లీ ఆన్ చేశాను. చాలా మోడళ్లలో ఇలా చేస్తే టెస్ట్ స్లిప్ వస్తుంది, నెట్‌వర్క్ ప్రింటర్ అయితే చాలాసార్లు ఐపీ అడ్రస్ కూడా అందులోనే ఉంటుంది. కౌంటర్లు పంపుతున్నది చివర 23 ఉన్న అడ్రస్‌కి. స్లిప్ మీద ఉన్నది 31. మరి 23 ఎవరిదా అని రౌటర్ పేజీ తెరిస్తే, ఏదో మొబైల్! గోడకి అతికించిన వైఫై పాస్‌వర్డ్ కొట్టి కూర్చున్న కస్టమర్ది. రౌటర్ రీస్టార్ట్ అయ్యాక పాత లెక్కలన్నీ మరిచిపోయి, అడిగినవాళ్లకి అడిగినట్టు అడ్రస్‌లు పంచేసింది. మా ఆర్డర్లన్నీ ఆయన జేబు దాకా వెళ్లి తిరిగొస్తున్నాయన్నమాట. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కి ఇదేమీ తెలీదు. విండోస్ ప్రింట్ క్యూకి (ప్రింట్ అవ్వాల్సినవి వరసలో ఆగే చోటు) అప్పగించి చేతులు దులుపుకుంటుంది, ఆ పచ్చ టిక్కుకి అర్థం అంతే.

ఇంకా ఉంది. అప్పటికే స్టీవార్డులు చీటీల మీద రాసుకుని కిచెన్‌కి పరిగెడుతున్నారు. సిస్టమ్స్ అతను ఫోన్లో చెప్పినట్టే అడ్రస్ మార్పించాం. క్యూ ఖాళీ చేయమని మాత్రం ఆయన చెప్పలేదు. ఇరుక్కున్న ఆర్డర్లన్నీ ఒక్కసారిగా ఊడిపడ్డాయి, మూరల కొద్దీ కాగితం. మాస్టర్ పద్ధతైన మనిషి, కేఓటీ వచ్చిందంటే వండాల్సిందే. కస్టమర్లు సగం తినేసిన వాటిని కూడా మళ్లీ పొయ్యెక్కించాడు. కాబట్టి ముందు క్యూ ఖాళీ చేసి, ఆ తర్వాతే అడ్రస్ ముట్టుకోండి.

మీ రౌటర్ ఫోన్లకి 192.168.1.100 నుంచి 199 దాకా పంచుతోందనుకుందాం. ప్రింటర్లకి 201, 202 అంటూ ఆ హద్దుకి బయట పర్మనెంట్‌గా పెట్టేసి, ఆ నంబర్ ప్రింటర్ మీదే మార్కర్‌తో రాసేయండి. కొత్తవి రెండు ఒకే మోడల్ అయితే రెంటినీ ఒకేసారి స్విచ్‌కి తగిలించకండి, ఫ్యాక్టరీ నుంచి ఒకే అడ్రస్‌తో వచ్చి ఉండొచ్చు. కంప్యూటర్‌లో ప్రింటర్‌ని కలిపేటప్పుడు విండోస్ తనంతట తను వెతికి చూపించే డబ్ల్యూఎస్‌డీ పోర్టు జోలికి పోకుండా, స్టాండర్డ్ టీసీపీ/ఐపీ పోర్టు ఎంచుకుని అడ్రస్ మీరే కొట్టండి, పోర్టు నంబర్ 9100. ఆ సెట్టింగ్స్‌లోనే ఎస్‌ఎన్‌ఎంపీ స్టేటస్ అని ఒక టిక్కు ఉంటుంది, తీసేయండి. ప్రింటర్ నిక్షేపంగా ఉన్నా విండోస్ ఆఫ్‌లైన్ అని మొండికేస్తోందంటే చాలాసార్లు దాని పుణ్యమే. కస్టమర్ల వైఫైని మాత్రం వేరే నెట్‌వర్క్‌లోకి తోసేయాలి. రౌటర్‌కీ స్విచ్‌కీ యూపీఎస్ పెట్టించండి.

వైఫై ప్రింటర్ బాగుంటుందని ఎవరో ఒకరు కింద కామెంట్ పెడతారు. జనం లేనప్పుడు బాగానే ఉంటుంది.

కిచెన్‌లోకి థర్మల్ వద్దు. పొయ్యి వేడికి స్లిప్ మొత్తం నల్లబడి ఏ టేబుల్‌దో కూడా తెలీదు. రిబ్బన్ వేసే పాతరకం డాట్ మ్యాట్రిక్స్ పెట్టండి. దాని కరకర చప్పుడే గంట కొట్టినట్టు వంటవాళ్లని పిలుస్తుంది. ఎరుపు, నలుపు రిబ్బన్ దొరికే మోడల్ అయితే క్యాన్సిల్ చేసినవి ఎర్రగా కొట్టించుకోవచ్చు.

రోళ్లు అమ్మేవాళ్ల గురించి కూడా చెప్పాలి. లోపలి గొట్టం లావుగా పెట్టి, చూడ్డానికి నిండుగా ఉన్న రోలు అంటగడతారు. అందుకని సైజు కాదు, ఎన్ని మీటర్లో అడగండి. ప్రింటర్ తిరుగుతోంది, కాగితం తెల్లగా వస్తోందంటే రోలు తిరగేసి పెట్టారని అర్థం. గోరుతో గీరితే నల్ల గీత పడే వైపే అక్షరం పడుతుంది. కొత్తగా చేరిన కుర్రాళ్లకి మొదటి రోజే ఇది చూపించండి, అర్ధరాత్రి ఫోన్లు తగ్గుతాయి.

ఇక నాలుగు కౌంటర్లకి ఒక్క బిల్లు ప్రింటర్ చాలదా అంటే, కాగితం వరకే అయితే చాలు, కాకపోతే చాలా మోడళ్లు ఒకసారికి ఒక్క కంప్యూటర్ మాటే వింటాయి కాబట్టి రద్దీలో వరస కట్టాలి. కానీ క్యాష్ డ్రాయర్ ఉందిగా. దాని వైరు మామూలుగా ప్రింటర్‌కే తగిలిస్తారు (చూడ్డానికి టెలిఫోన్ ప్లగ్గులా ఉంటుంది, ఫోన్ లైను మాత్రం అందులో పెట్టకండి), తెరుచుకోమన్న కమాండ్ వెళ్లేది కూడా ప్రింటర్ ద్వారానే. రెండు కౌంటర్లు ఒకే ప్రింటర్ వాడితే, పక్కవాడు బిల్లు కొట్టినప్పుడల్లా మీ క్యాషియర్ డ్రాయర్ ఠప్పున తెరుచుకుంటుంది. రాత్రి లెక్క తేడా వస్తే ఎవర్ని అడుగుతారు? కాబట్టి ఎన్ని డ్రాయర్లు పెడుతున్నారో తేల్చుకుని, అన్నే బిల్లు ప్రింటర్లు కొనండి. కిచెన్‌ది వేరే.