టెండర్లూ గ్రాంట్ల ట్రైనింగ్‌కి వెళ్తే ప్రాక్టీస్ దెబ్బతింటుందా?

ప్రశ్న: మేడమ్ నమస్తే అండి. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. ఐదేళ్ల లా కోర్సు ఈ ఏడే అయిపోయింది, బార్ కౌన్సిల్లో లాయరుగా ఎన్‌రోల్‌మెంట్ ఇంకా చేయించుకోలేదు. ఢిల్లీలో ఓ కేంద్ర ప్రభుత్వ సంస్థ లీగల్ సెక్షన్లో ఆరు నెలల ట్రైనీగా సెలెక్ట్ అయ్యాను, టెండర్లు, కాంట్రాక్టులు, గ్రాంట్లు చూసే డెస్కంట. స్టైపెండ్ రూము అద్దెకీ తిండికీ సరిపోద్దేమో అంతే. నాన్నగారేమో "టెండరు కాగితాలు చూడ్డానికి లాయరెందుకే, గుమాస్తా చాలు, ఇక్కడే మావయ్య దగ్గర జూనియర్‌గా చేరు, జడ్జి పరీక్షకి ప్రాక్టీసన్నా కలుస్తుంది" అంటున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మాయ్, ముందు నాన్నగారి మాటలో సగం కరెక్టే, అది చెప్పేస్తాను. 2025 మే 20న సుప్రీంకోర్టు జూనియర్ సివిల్ జడ్జి పోస్టులకి మూడేళ్ల ప్రాక్టీస్ మళ్లీ తప్పనిసరి చేసింది, ఆ మూడేళ్లూ ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్, అంటే తాత్కాలిక నమోదు, అయిన రోజు నుంచి లెక్క. జడ్జిల దగ్గర లా క్లర్కుగా చేసింది కలుపుతారు గానీ నీ ఆఫీసు ట్రైనింగ్ కలుస్తుందని ఆశ పెట్టుకోకు. అంటే ఢిల్లీ వెళ్తే ఆ పరీక్ష ఆరు నెలలు వెనక్కి జరుగుతుంది, అంతే, పోయేదేం లేదు. ఎన్‌రోల్ అయ్యాక ఫుల్‌టైమ్ జీతం ఉద్యోగం చెయ్యకూడదని బార్ కౌన్సిల్ రూలు కూడా ఉంది కాబట్టి, ఎన్‌రోల్ కాకుండా ఉన్న ఇప్పుడే వెళ్లొచ్చెయ్యి, వచ్చాక అప్లై చేసుకో.

ఇక రెండో సగం, గుమాస్తా చాలనే మాట. ఇది నేనొప్పుకోను. మీ ఇంటి పక్క కాలవే తీసుకో. మన డెల్టాలో ఏప్రిల్లో కాలవలకి నీళ్లు ఆపేస్తారు, జూన్లో నీళ్లొదులుతారు, పూడిక తియ్యాలన్నా లాకులు బాగుచెయ్యాలన్నా మధ్యలో ఉన్న ఆ కాస్త టైమే. ఇప్పుడు టెండరు మార్చిలో పిలిచారనుకో, ఒకే బిడ్ (ఇంత రేటుకి చేస్తానని వేసే టెండరు) పడిందని రద్దు చేసి మళ్లీ పిలిచారు, రెండోసారి ఎల్ వన్, అంటే అందరికన్నా తక్కువ రేటు, వచ్చినాయన మీద ఇంకొకాయన అబ్జెక్షన్ పెట్టాడు, అగ్రిమెంటు అయ్యేసరికి మే నడుస్తోంది, ప్రొక్లెయిన్లు గట్టు మీదకొచ్చిన పది రోజులకే పైనుంచి నీళ్లొచ్చేశాయి. సగం పని ఆగిపోయింది. మిషన్లు ఖాళీగా ఉన్న రోజుల అద్దె ఎవరిస్తారు? వచ్చే వేసవికి డీజిల్ రేటు పెరిగితే ఎవరు భరించాలి? ఆలస్యం కాంట్రాక్టరుదా, సైటు అప్పగించని ఆఫీసుదా? వీటన్నిటికీ జవాబు ఎక్కడో ఆ టెండరు డాక్యుమెంట్లో ఒక క్లాజులో ఉంటుంది, లేకపోతే లేనందుకే ఏళ్లకేళ్లు ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి ముందు తగువు) నడుస్తుంది. ఆ క్లాజు నోటీసు బయటికెళ్లకముందే చదివి "సైటు ఏ తేదీకి ఇస్తారో రాయలేదేంటండీ" అని అడిగేది లాయరే. గుమాస్తా అడగడు, అడిగినా వినరు.

కోర్టుకెళ్లినా ఇదే మేటరు. 1994లో టాటా సెల్యులార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందేంటంటే, టెండరు ఎవరికిచ్చారన్న నిర్ణయం మీద కోర్టు అప్పీలులా కూర్చోదు, ఆ నిర్ణయం తీసుకున్న పద్ధతి సరిగ్గా ఉందా లేదా చూస్తుంది. అంటే కేసంతా ఫైల్లోనే ఉంటుందన్నమాట. అర్హతలు చూసే టెక్నికల్ బిడ్లో ఒకడి సర్టిఫికెట్ లేదని తీసేసి ఇంకొకడికి తర్వాత ఇమ్మని టైమిచ్చారా, ప్రైస్ కవర్ తెరిచాక షరతు మార్చారా, అన్నీ నోట్ ఫైల్లో సంతకాలతో సహా దొరుకుతాయి. ఆ ఫైలు లోపలి నుంచి ఎలా తయారవుతుందో చూసినవాళ్లు రేపు హైకోర్టులో రిట్ వేస్తే వేరే లెవెల్లో వాదిస్తారు.

గ్రాంట్లు మరీ చిన్నచూపు చూస్తారు గానీ నాకైతే అవే ఎక్కువ ఇష్టం. కాంట్రాక్టులో ప్రభుత్వం డబ్బిచ్చి పని కొనుక్కుంటుంది, గ్రాంటులో వేరేవాళ్ల పనికి సాయం చేస్తుంది, కాబట్టి లెక్క అడిగే తీరే వేరు. నర్సాపురం వైపు లేసు అల్లేవాళ్ల సొసైటీకి కేంద్రం గ్రాంటు వచ్చిందనుకుందాం. ఆ డబ్బు బ్యాంకులో ఉండగా వడ్డీ పడితే మనదే కదా అనుకుంటారు పాపం, కాదు, 2017 జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ (కేంద్రం డబ్బు ఖర్చు పెట్టే నిబంధనలు) ప్రకారం ఆ వడ్డీ ప్రభుత్వానికి కట్టెయ్యాలి. ఆ డబ్బుతో కొన్న మిషన్ని అడక్కుండా అమ్మెయ్యకూడదు. ఆర్థిక సంవత్సరం ముగిశాక 12 నెలల్లోపు డబ్బు దేనికిచ్చారో దానికే వాడామనే యుటిలైజేషన్ సర్టిఫికెట్ ఇవ్వాలి, అదాగితే తర్వాతి విడత డబ్బూ ఆగుతుంది. మన ఊళ్లలో ఎంతమందికి ఇవి చెప్పే లాయరు దొరుకుతున్నాడు చెప్పు?

ఒక్కటి మాత్రం చెయ్యి. చేరకముందే వాళ్లకి మెయిల్ పెట్టి, నాకు డ్రాఫ్టింగ్ ఇస్తారా, బిడ్లు వెయ్యకముందు కాంట్రాక్టర్ల సందేహాలు తీర్చే ప్రీ-బిడ్ మీటింగులకి కూర్చోనిస్తారా అని అడుగు. స్కానింగూ ఫైళ్ల సర్దుడే అని తెలిస్తే మావయ్య ఆఫీసే నయం, మొహమాటం లేకుండా మానెయ్యి. అక్కడ చూసిన బిడ్ల సంగతి ఫ్రెండ్స్ గ్రూపుల్లో పెట్టకు, ఎవరు ఎంత కోట్ చేశారన్నది సరదాకి కూడా చెప్పకూడదు.

ప్రశ్న: పాలకొల్లు నుంచి రాస్తున్నానండి, లా మూడో సంవత్సరం. ఎక్కడికీ వెళ్లే వీలు లేదు, ఈ సబ్జెక్టు ఇంట్లోనే నేర్చుకోవచ్చా?

జవాబు: హాయిగా నేర్చుకోవచ్చు బాబూ, పైసా ఖర్చు లేదు. కేంద్రం ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్లో టెండరు డాక్యుమెంట్లు ఊరికే దొరుకుతాయి, నీకు తెలిసిన పని ఏదన్నా ఉంటే, రోడ్డో డ్రెయినో, అది దించుకుని మొదటి నుంచి చివరిదాకా చదువు. పక్కన జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ 2017 పెట్టుకో, ఆరో అధ్యాయం కొనుగోళ్లు, ఎనిమిది కాంట్రాక్టులు, తొమ్మిది గ్రాంట్లు. ఈఎండీ (బిడ్‌తో పాటు కట్టే ధరావతు) ఎంత అడిగారో చూడు, ఆ రూల్స్ మామూలుగా అంచనా విలువలో 2 నుంచి 5 శాతం అంటాయి. తర్వాత ఆ టెండరుకి కారిజెండాలు, అంటే తర్వాత చేసిన సవరణ నోటీసులు, ఏమన్నా వచ్చాయేమో వెతుకు. ఏ షరతు మార్చారో, అది ఎవరికి లాభమో కాగితం మీద రాసుకుంటూ పో, నాలుగు టెండర్లు ఇలా చూశాక నాకు మళ్లీ రాయి, అప్పుడు నీ ప్రశ్న వేరేగా ఉంటుంది.