గడ్డి మోపులు కట్టుకున్న ఇనుప పడవ

చిరంజీవికి,

ఆశీస్సులు. కరోండెలెట్ మీద నువ్వు రాసిన కథ రెండుసార్లు చదివాను. అమెరికా అంతర్యుద్ధం, మిసిసిపీ నది, తుపాకి గుండుకు చలించని యుద్ధపడవ: ఎంచుకున్న విషయం ఎంతో నచ్చింది. కానీ ‘అభేద్యమైన ఉక్కు కోట’ అని మూడుచోట్ల రాశావు. కథ అక్కడే నీరసించింది.

1861లో ఉత్తరాది సేనల కోసం జేమ్స్ ఈడ్స్ ఒకే తరహాలో ఏడు పడవలు కట్టించాడు, కరోండెలెట్ వాటిలో ఒకటి. అవి ఆరడుగుల నీటిలో తేలాలి. 13 ఫిరంగులు, అయిదు బాయిలర్లు, 250 మంది ఎక్కాక ఇనుముకు చోటెక్కడిది? అందుకే రెండున్నర అంగుళాల పలకలను ముందు గోడకూ, పక్కల్లో యంత్రాలున్న మేరకూ మాత్రమే బిగించారు. వెనుక వైపు వట్టి చెక్క. ఎదురుగా వచ్చిన గుండు జారిపోయేలా గోడలను ఏటవాలుగా నిలిపారు. 1862 ఫిబ్రవరి 6న, వరదనీట సగం మునిగిన దక్షిణాది సేనల కోట ఫోర్ట్ హెన్రీ ముందు ఆ ఉపాయం చాలావరకు ఫలించింది. ఎనిమిది రోజులకే వాళ్లదే మరో కోట ఫోర్ట్ డోనెల్సన్ గుట్ట మీది ఫిరంగులు పైనుంచి కాల్చాయి. ఆ వాలుగోడే అప్పుడు గుండుకు సూటిగా ఎదురైంది.

అది చూసినవాళ్లే ఏప్రిల్ 4 రాత్రి మిసిసిపీలో శత్రువు చేతిలో ఉన్న దీవి, ఐలాండ్ నంబర్ 10, ఫిరంగుల ముందు నుంచి వెళ్లారు. ఆ రాత్రి నీ కథలో ఉరుములూ మెరుపులూ ఉన్నాయి, పడవ పక్కన కట్టిన బార్జి, అంటే సరుకులు మోసే బల్లపరుపు పడవ, లేదు! బొగ్గు, గడ్డి మోపులు నింపిన బార్జిని కవచం లేని పక్కకు కట్టుకున్నారు. చుక్కాని గదికి గొలుసులు చుట్టారు. బుసల చప్పుడు వినపడకూడదని ఆవిరిని పొగగొట్టాల్లోకి కాక తెడ్ల చక్రం గదిలోకి మళ్లించారు. పొగగొట్టాల్లోని మసిని రోజూ తడిగా ఉంచేది ఆ ఆవిరే. అది ఆగేసరికి మసి ఎండి, భగ్గున అంటుకుని, మంట పైకి లేచింది. చప్పుడు దాచబోతే వెలుగు పట్టిచ్చింది. శత్రువు ఫిరంగులు మోగాయి. ముందు డెక్కు మీద ఒక నావికుడు వానలో తడుస్తూ, సీసపు గుండు కట్టిన తాడుతో నీటి లోతు కొలుస్తూనే ఉన్నాడు. పడవ క్షేమంగా తమవాళ్లున్న న్యూ మాడ్రిడ్ ఊరు చేరింది.

నాకు ఆ తాడు పట్టుకున్నవాడి చేతులు కనపడాలి. కెప్టెన్ హెన్రీ వాక్ ప్రసంగం రెండు పేజీలు తీసేయి, ఆ చోటు ఆ నావికుడికివ్వు. ఆ జూన్‌లో వైట్ నది మీద, ఆ ఏడింటిలోదే అయిన మౌండ్ సిటీ పడవ ఆవిరి డ్రమ్ముకు ఒకే గుండు తగిలి నూరుమందికి పైగా చనిపోయారు. బాయిలర్ల పక్కన నిలబడి పనిచేయడమంటే ఏమిటో దాన్నిబట్టి ఊహించు. మసి అంటుకునే చోటు నుంచి మళ్లీ మొదలుపెట్టి పంపించు. ఎదురుచూస్తుంటాను.