వెనక తలుపు ఉన్న ఇల్లే కావాలంటాడు నాయిన

"అక్కా, నమస్తే. మాది అమ్రాబాద్ దిక్కు ఒక ఊరు. నేను రెండో తరగతిలో ఉన్నప్పుడు ఒక రాత్రి నక్సలైట్ల దళం వాళ్లు మా నాయిన కోసం ఇంటికొచ్చిండ్రు. ఇన్‌ఫార్మర్ అని అనుమానం. నాయిన వెనక తలుపు నుంచి ఉరికిండు. గొళ్లెం తీసింది చిన్నమ్మనే అంట. వాళ్లు చిన్నాయినను తీసుకపోయిండ్రు. తెల్లారి చెరువు కట్ట మీద దొరికిండు. అంతకుముందు దళానికి అన్నం పెట్టిండని పోలీసులు నాయినను రెండుసార్లు స్టేషన్‌కు తీసుకపోయి కొట్టిండ్రు. ఆ నెలలోనే ఊరు విడిచి కల్వకుర్తి వచ్చినం. చిన్నమ్మ ఒళ్లో పిల్లతో దేవరకొండ దగ్గర తల్లిగారింటికి పోయింది. రాకపోకలు లేవు.

నాయినకు ఇప్పుడు 58 ఏండ్లు. కుక్క మొరిగితే లేచి కూర్చుంటడు. ఇంటి ముందు బండి ఆగితే లైటు తీసెయ్యమంటడు. అద్దె ఇల్లు చూడపోతే నీళ్ల సంగతి అడగడు, వెనక తలుపు ఉందా అని చూస్తడు. శ్రీశైలం పోదామంటే మన్ననూర్ రోడ్డు వద్దు, కర్నూల్ మీదికెళ్లి తిరిగి పోదాం అంటడు. పొద్దుగూకితే కల్లు దుకాణం. ఈసారి మాల వేయించి కల్లు బంద్ చేయిస్తా అంటుంది అమ్మ. చెల్లె పెళ్లి కుదిరింది. ఊళ్లో తాత పేరు మీద ఉన్న నాలుగెకరాలు అమ్ముదామంటే చిన్నమ్మ సంతకం కావాలంటున్నరు. సంతకం లేకుండా అమ్మే దారి ఉందా? నాయినను ఏ డాక్టర్‌కు చూపించాలె?"

తమ్ముడూ, భూమి సంగతి రెండు ముక్కల్లో చెప్పి పక్కన పెడతాను. దారి లేదు. ఉన్నా నేను చెప్పను. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా రాయకుండా పోయిన మగవాడి ఆస్తికి భార్యా పిల్లలు మొదటి వరుస వారసులు. మీ చిన్నాయిన వాటా చిన్నమ్మది, ఆమె బిడ్డది. మిగిలిన లెక్కలు వకీలు చూస్తాడు. ఇరవై ఏండ్లకు పైగా ఆమె తిన్నదా, పిల్లను ఏం చదివించుకుంది అని మీ ఇంట్లో ఎవరూ అడగలేదు. ఇప్పుడు ఆమె మీకు గుర్తొచ్చింది సంతకం కోసం. ఈ మాట కటువుగా ఉంటుందని తెలిసే అంటున్నాను.

ఇక నాయిన సంగతి. ఆయనకున్నది భయస్తుడి గుణం కాదు, జబ్బు. దీన్ని డాక్టర్లు పీటీఎస్‌డీ అంటారు. ప్రాణం మీదికి వచ్చిన ఘటన అయిపోయినా ఒళ్లు ఇంకా అక్కడే ఉంటుంది. చిన్న చప్పుడుకు ఉలిక్కిపడటం, నిద్రలో అదే రాత్రి మళ్లీ రావడం, ఆ దారి, ఆ మనుషులు, ఆ మాట తగలకుండా తిరగడం. మన్ననూర్ రోడ్డు తప్పించి కర్నూల్ మీదుగా చుట్టు తిరగడం అందులోదే. యుద్ధాలు, సాయుధ పోరాటాలు చూసిన ప్రాంతాల్లో ప్రతి ఐదుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో లెక్క చెప్పింది. అందులో ఇదీ ఉంది, డిప్రెషన్ ఉంది, ఆందోళన ఉంది. ఆ లెక్క చదివితే మనకు సిరియానో, శ్రీలంకో గుర్తొస్తుంది. నల్లమల అంచు ఊళ్లు ఎవరికీ గుర్తు రావు. అన్నం పెట్టకుంటే ఒకరు, పెడితే ఇంకొకరు. 2004 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో ప్రభుత్వానికి, నక్సలైట్లకు మధ్య శాంతి చర్చలు జరిగాయి. ఇక నిద్ర పోవచ్చనుకున్నారు ఆ ఊళ్లవాళ్లు. 2005 జనవరికల్లా అవి తెగిపోయాయి. ఆ తర్వాత ఎంతమంది చనిపోయారో పేపర్లు లెక్క రాశాయి. బతికినవాళ్లు ఎట్లా బతుకుతున్నారో ఎవరు రాశారు?

మాది పాత నల్గొండ జిల్లా, ఇప్పటి సూర్యాపేట జిల్లా కోదాడ దిక్కు. రజాకార్ల రోజుల్లో మా నాయనమ్మ చంకలో పిల్లతో రాత్రికి రాత్రి నడిచి జగ్గయ్యపేట వైపు దాటిందట. 1948 సెప్టెంబర్ తర్వాత తిరిగొచ్చింది. నేను పుట్టేనాటికి అదంతా పాత కథ. కానీ ఆమె మంచం కింద ఒక మూట ఉండేది. రెండు చీరలు, ఒక చెంబు, ఇన్ని అటుకులు. అటుకులు పురుగు పడితే పారబోసి కొత్తవి కట్టేది. మేం పిల్లలం నవ్వేవాళ్లం. ఎవరూ ఆమెను కూర్చోబెట్టి అడగలేదు, నేను కూడా. ఆమె పోయాక మంచం ఎత్తితే ఆ మూట అక్కడే ఉంది. నీ ఉత్తరంలో వెనక తలుపు మాట చదవగానే నాకు ఆ మూట కళ్ల ముందు కదిలింది.

ఆ తలుపు గురించే నీతో మాట్లాడాలి. నువ్వు దాన్ని ఒక్క వాక్యంలో రాసి దాటిపోయావు. గొళ్లెం తీసింది చిన్నమ్మ. బావను కాపాడింది. ఆమె మొగుడు పోయాడు. మీ నాయిన ఇన్నేండ్లుగా కుక్కలకు, బండ్లకు భయపడుతున్నాడని నువ్వు అనుకుంటున్నావు. నిజమే, కానీ అంతకన్నా ఎక్కువ భయం ఆమె ముఖం చూడటానికి. నేను ఉరికాను, తమ్ముడు పోయాడు అనే మాట ఆయన లోపల రోజూ నడుస్తుంటుంది. ఉరకడం తప్పు కాదు. తుపాకీ ముందు ఎవరైనా ఉరుకుతారు. తప్పు తుపాకీ పట్టుకొని వచ్చినవాళ్లది. ఈ మాట ఆయనకు డాక్టర్ చెప్పాలి, నువ్వు చెప్పాలి. అసలు చెప్పాల్సిన మనిషి మాత్రం దేవరకొండలో ఉంది. ఆమె చెప్పకపోవచ్చు కూడా. చెప్పి తీరాలని ఆమెకు ఏ బాకీ లేదు.

ముందు కల్లు సంగతి, ఇది ఆలస్యం చేసేది కాదు. పాలమూరులో చాలాచోట్ల కల్లులో ఆల్ప్రాజోలం, డైజిపాం అనే మత్తు మందులు కలుపుతారని అందరికీ తెలుసు. రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపితే చేతులు వణుకుతాయి, తిక్కతిక్కగా మాట్లాడతారు, ఫిట్స్ వస్తాయి. ప్రాణం మీదికి కూడా వస్తుంది. కాబట్టి మాల వేయించి మరుసటి రోజు నుంచే బంద్ అనే ఆలోచన అమ్మను మానుకోమను. భక్తికి నేను అడ్డు రాను, ఉమామహేశ్వరం తీసుకపోతానన్నా పోనీ. కల్లు మాన్పించడం మాత్రం డాక్టర్ చేతుల మీదుగా, మెల్లమెల్లగా జరగాలి. ఆయనకు నిద్ర పట్టేది కూడా ఆ మందుతోనే కావచ్చు. మెడికల్ షాపులో నిద్ర గోలీలు కొని ఇవ్వకండి, అది ఒక గుంత పూడ్చి ఇంకొకటి తవ్వడమే.

మహబూబ్‌నగర్ ప్రభుత్వ జనరల్ ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఓపీకి తీసుకపో. కల్లు సంగతి, ఆ రాత్రి సంగతి రెండూ డాక్టర్‌కు చెప్పు, ఒకటి దాచి ఒకటి చెప్తే మందు సరిగా పడదు. ఈ జబ్బుకు మందులున్నాయి, మాటలతో చేసే చికిత్స కూడా ఉంది. ఇన్నేండ్లయింది ఇక నయం కాదు అనుకోకు. ఆయన రానంటే ముందు నువ్వు 14416కు ఫోన్ చెయ్యి. టెలి మానస్ అంటారు, 2022 నుంచి నడుస్తోంది, రాత్రీ పగలూ ఉంటుంది, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. ఆయన గురించే కాదు, నీ గురించి కూడా మాట్లాడు. రెండో తరగతి పిల్లవాడు ఆ రాత్రి ఎక్కడ పడుకున్నాడు, ఏం చూశాడు అనేది ఉత్తరంలో ఎక్కడా రాయలేదు నువ్వు.

రాత్రి ఆయన లేచి కూర్చున్నప్పుడు "ఏం లేదు, పండుకో" అనకండి. ఆయనకు ఉన్నది మీకు కనపడదు, అంతే. వెనక నుంచి పోయి భుజం పట్టుకోకు. లైటు వెయ్యమంటాడా అడిగి, ఎదురుగా కూర్చొని, "నాయినా, నేను. కల్వకుర్తిల ఉన్నం. తలుపు నేనే వేసిన" అని నెమ్మదిగా చెప్పు. చేతికి నీళ్ల గ్లాసు ఇవ్వు. ఆ రాత్రి ఏం జరిగిందో చెప్పమని తవ్వకు. చెప్పాలనిపించిన రోజు ఆయనే మొదలుపెడతాడు, అప్పుడు ఫోన్ పక్కన పెట్టి విను.

చిన్నమ్మ దగ్గరికి నాయినను ఇప్పుడే తీసుకపోకు. చికిత్స మొదలై, కాస్త నిద్ర పట్టి, ఆయనే అడగాలి. ముందు నువ్వు పో. అమ్మ వస్తానంటే అమ్మను కూడా తీసుకపో. తోటికోడలు ఒళ్లో పిల్లతో బస్సెక్కుతుంటే ఊరుకున్న బాకీ అమ్మకు కూడా ఉంది. సంచిలో భూమి కాగితం పెట్టుకోకు. సంతకం మాట ఆమే ఎత్తినా, "దానికి రాలేదు చిన్నమ్మా" అను. గుమ్మంలోనే నిలబెట్టి పంపిస్తే నెల ఆగి మళ్లీ పో. తిట్టితే తలవంచుకొని విను. ఆమె బిడ్డకు ఇప్పుడు పెళ్లీడు. ఆ పిల్ల పెళ్లిలో అల్లుడి కాళ్లు కడగాల్సిన పెదనాయిన మీ ఇంట్లో ఉన్నాడు.

చెల్లె పెళ్లికి అప్పు చేస్తారో, ఖర్చు తగ్గిస్తారో మీ ఇష్టం. కార్డు అచ్చుకు ఇచ్చే ముందు మాత్రం ఒకసారి చూసుకో. ఆహ్వానించేవారి వరుసలో చిన్నమ్మ పేరు, దాని పక్కన కీ.శే. అని చిన్నాయిన పేరు ఉండాలి. ఆ ప్రూఫు నాయిన చేతికిచ్చి, పేర్లు సరిగా ఉన్నాయో లేదో చూడమను.