పుల్లని బీరు, పాడైన బీరు ఒకటి కావు

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

లాంబిక్ అనే బెల్జియం పుల్ల బీర్లను గురించి కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈసారి సమాధానాలు ఇస్తున్నాము.

ప్రశ్న: బెంగళూరులో ఉద్యోగం చేసే మా తమ్ముడు బ్రస్సెల్స్ వెళ్ళి వస్తూ గూజ్ అనే బీరు సీసా ఒకటి తెచ్చాడు. పండుగకు ఇంటికి వచ్చినప్పుడు తెరిచాము. పశువుల కొట్టం వాసన గుప్పుమన్నది. ఒక గుక్క తాగేసరికి పళ్ళు పులిశాయి. పాడైందనుకుని మిగిలినదంతా పారబోశాము. అది నిజంగా పాడైనదేనా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి ఆ సీసాలో లోపమేమీ కనిపించడం లేదు. గూజ్ ఉండవలసిన తీరే అది. గూజ్ అనేది వేర్వేరు వయసుల లాంబిక్‌లను కలిపి సీసాలో నింపిన బీరు కాబట్టి, ముందు లాంబిక్ సంగతి చెప్పాలి.

లాంబిక్ పుట్టిల్లు బ్రస్సెల్స్ నగరమూ, దానికి నైరుతి దిక్కున ఉన్న పయోట్టెన్‌లాండ్, సెన్నె నది లోయ ప్రాంతాలూ. మనకు అలవాటైన లాగర్ బీరులో తయారీదారు తాను ఎంచుకున్న ఈస్టును శుభ్రమైన ట్యాంకులో కలిపి పులియబెడతాడు. లాంబిక్‌లో ఎవరూ ఈస్టు కలపరు. మొలకెత్తించని గోధుమను కనీసం 30 శాతం, మిగతాది బార్లీ మాల్టును (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని) నీటిలో ఉడికించి, వడకట్టి, హాప్స్ అనే చేదు పూలు వేసి గంటల తరబడి కాచి, ఆ ద్రవాన్ని వెడల్పుగా, లోతు తక్కువగా ఉండే మూతలేని తొట్టిలో రాత్రంతా చల్లారనిస్తారు. చల్లారే వేళ గాలిలో నుంచీ, ఆ తర్వాత నింపే పాత చెక్క పీపాల గోడల నుంచీ సూక్ష్మజీవులు దానిలో చేరి పని మొదలుపెడతాయి. ఈతచెట్టు నుంచి ముంతలోకి దిగిన కల్లు ఎవరూ ఏమీ కలపకుండానే పొంగి, పొద్దెక్కేకొద్దీ పులుపెక్కడం మన సీమలో చూడనివారు తక్కువ. ఇదీ ఆ కోవలోనిదే. కాకపోతే కల్లుకు గంటలు పడితే లాంబిక్‌కు ఏళ్ళు పడతాయి.

ఆ ఏళ్ళలో పీపా లోపల ఒకదాని వెనుక ఒకటిగా వేర్వేరు జీవులు పని చేస్తాయి. మొదటి కొద్ది వారాలు పేగుల బ్యాక్టీరియా కుటుంబానికి చెందినవి ఉంటాయి. తర్వాత మామూలు బీరు ఈస్టు అయిన సాకరోమైసిస్ వచ్చి చక్కెరలను ఆల్కహాలుగా మారుస్తుంది. ఆ పిమ్మట నెలల తరబడి పెడియోకాకస్ అనే బ్యాక్టీరియా లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేస్తుంది. ఆ దశలో బీరు కొన్నిసార్లు తీగలు సాగేంత జిగటగా మారుతుంది కూడా. చివరికి బ్రెట్టానోమైసిస్ అనే ఈస్టు ఆ జిగటను విరిచి, సాకరోమైసిస్‌కు అరగని చక్కెరలను సైతం నెమ్మదిగా తినేస్తుంది. ఈ ఈస్టుకు 1904లో డెన్మార్క్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలకు చెందిన క్లాసెన్ ఆ పేరు పెట్టాడు. మీకు తగిలిన కొట్టం వాసన దాని పనే. అది తయారుచేసే 4-ఇథైల్‌ఫినాల్ తోలు, గుర్రపు జీను, పశువుల పాక వాసనలను, 4-ఇథైల్‌గ్వాయకాల్ లవంగం, పొగ వాసనలను ఇస్తాయి. లాగర్‌లో ఈ వాసన వస్తే ఆ బీరు చెడినట్టే, లాంబిక్‌లో మాత్రం దీనికోసమే పీపాలను ఏళ్ళ తరబడి కాపాడుకుంటారు.

అలాగని లాంబిక్‌లో ఏది వచ్చినా గుణమే అనడం కూడా తప్పు. గోళ్ళరంగు తుడిచే ద్రవం వాసన ముక్కుకు ఎక్కుతున్నా, గొంతు మండేంత వెనిగర్ ఘాటు ఉన్నా, కార్కు నుంచి తడిసిన అట్టపెట్టె వాసన వచ్చినా, గ్లాసులోకి వంచినప్పుడు నూనెలా సాగుతున్నా ఆ సీసాలో తేడా ఉన్నట్టు. మీరు వీటిలో ఏదీ చెప్పలేదు. మరో సీసా దొరికితే పారబోయకుండా, కింది జవాబులో చెప్పిన పద్ధతిలో ఒకసారి రుచి చూడండి.

ప్రశ్న: గూజ్‌ను రుచి చూడడానికి ఏదైనా క్రమం ఉన్నదా? మా ఊరి ఎండలకు బీరును బాగా గడ్డకట్టేంత చల్లగా తాగడమే మాకు అలవాటు.
– ఒక పాఠకుడు, కడప

జవాబు: ముందు ఆ అలవాటును పక్కన పెట్టాలి. అతి చల్లదనంలో వాసనలు పైకి లేవవు, పులుపు ఒక్కటే నాలుకను కోస్తుంది. 10 నుంచి 13 డిగ్రీల మధ్య ఈ బీరు బాగా విచ్చుకుంటుంది. ఫ్రిజ్ నుంచి తీసి అరగంట ఆగమని యూరప్‌లో చెప్పే మాట కడప వేసవికి పనికిరాదు. ఇక్కడ పది నిమిషాలు చాలు, గ్లాసులో పోశాక మిగతా వెచ్చదనం దానంతటదే వస్తుంది.

సీసాను ఒక రోజు ముందే నిలబెట్టి ఉంచితే మడ్డి అడుగుకు చేరుతుంది. లోపల వాయువు బలంగా ఉంటుంది కాబట్టి తీగ విప్పేటప్పుడు కార్కు మీద నుంచి బొటనవేలు తీయకండి. వైన్ గ్లాసు వంటి, పైకి కొద్దిగా ముడుచుకున్న గ్లాసును మూడోవంతు వరకే నింపి, సీసాను మళ్ళీ నిలువుగా ఎత్తకుండా, వంచిన వంపులోనే తక్కిన గ్లాసులన్నిటికీ పోస్తే మడ్డి కదలదు.

గ్లాసును కదపకుండా మొదట ఒకసారి వాసన చూడండి. సాధారణంగా ముందు తగిలేవి నిమ్మతొక్క, పచ్చి ఆపిల్, ఎండుగడ్డి. తర్వాత గ్లాసును ఒకటి రెండుసార్లు గుండ్రంగా తిప్పి మళ్ళీ చూస్తే తోలు, తడి మట్టి, పాత చెక్క, ఒక్కోసారి తేనె బయటికి వస్తాయి. కొట్టం వాసన వచ్చిందని అక్కడే ఆగిపోకుండా దాని వెనుక ఇంకేమున్నదో వెతకడమే ఈ బీరును ఆస్వాదించడంలోని అసలు సుఖమని నా నమ్మకం.

మొదటి గుక్కతో తీర్పు ఇవ్వకండి. ఆ పులుపుకు నోరు ఉలిక్కిపడుతుంది, లాలాజలం ఊరుతుంది, వేరే రుచి ఏదీ తెలియదు. రెండో గుక్కకు నోరు సర్దుకుంటుంది. మూడో గుక్కను కొద్దిగా తీసుకుని, నాలుక మీద పరచుకోనిచ్చి, పులుపు ఎక్కడ తగులుతున్నదో గమనించండి. లాక్టిక్ ఆమ్లపు పులుపు పెరుగు పులుపే కాబట్టి మనకు అది పరిచితం. అది గుండ్రంగా, నాలుక అంతటా తెలుస్తుంది. వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లం గొంతులోనూ ముక్కులోనూ సూదిగా గుచ్చుతుంది. మంచి గూజ్‌లో మొదటిది రాజ్యం చేస్తుంది, రెండోది వాసనకు పదును పెట్టే మేరకే ఉంటుంది. ఎంత పుల్లగా ఉంటే అంత గొప్ప బీరు అనుకునేవారు ఈ మధ్య పెరిగారు. నేను దానితో ఏకీభవించను. పులుపు తగ్గిన మరుక్షణం నోట్లో గోధుమ కమ్మదనం, ఓక్ చెక్క వగరు, సన్నని చేదు ఒకదాని తర్వాత ఒకటి నిలబడితే దానిని గొప్ప గూజ్ అనాలి. పులుపు తప్ప ఇంకేమీ మిగలకపోతే, ఎంత ఖరీదైనదైనా అది వట్టి పుల్లనీళ్ళే.

గుటక వేశాక తీపి ఏమాత్రం మిగలకపోవడం మీకు ఆశ్చర్యం కలిగించవచ్చు. చక్కెరలన్నీ పీపాలోనూ సీసాలోనూ ఖర్చయిపోయాయి కాబట్టే అంత పొడిగా ముగుస్తుంది.

ప్రశ్న: లాంబిక్, గూజ్, క్రీక్ ఈ మూడూ ఒకటేనా? నేను తాగిన ఒక క్రీక్ చెర్రీ షర్బత్‌లా తియ్యగా ఉంది, ఇంకొకటి విపరీతమైన పులుపు. ఏది అసలైనది?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: మూలం లాంబిక్. ఒకే పీపా నుంచి నేరుగా తీసినది దాదాపు నురుగు లేకుండా, చప్పబడినట్టు ఉంటుంది. బ్రస్సెల్స్ పరిసరాలు దాటి అరుదుగా దొరుకుతుంది. ఒకటి, రెండు, మూడు సంవత్సరాల లాంబిక్‌లను పాళ్ళు చూసి కలిపి సీసాలో నింపితే, కుర్ర లాంబిక్‌లో మిగిలిన చక్కెరతో సీసాలో మళ్ళీ పులిసి బుడగలు పుట్టేది గూజ్. ఈ కలిపే విద్య ఎంత ప్రత్యేకమైనదంటే, స్వయంగా బీరు కాచకుండా ఇతరుల నుంచి లాంబిక్ కొని పీపాలలో పండించి కలపడమే వృత్తిగా గల ఇళ్ళు అక్కడ నేటికీ ఉన్నాయి.

లాంబిక్‌లో పుల్ల చెర్రీలను గింజలతో సహా, లీటరుకు 200 గ్రాములు లేదా అంతకు మించి వేసి నెలల తరబడి నానబెడితే క్రీక్ అవుతుంది. పండు చక్కెర అంతా పులిసిపోతుంది కనుక సంప్రదాయ క్రీక్‌లో రంగు, సువాసన, గింజ నుంచి దిగిన బాదం పరిమళం మిగులుతాయి గాని తీపి మిగలదు. రాస్ప్‌బెర్రీలతో ఇలాగే చేసేది ఫ్రాంబ్వాజ్.

మీరు తాగిన తియ్యటిది నకిలీదేమీ కాదు. అందులో లాంబిక్‌కు పండ్ల రసం, తీపి జోడిస్తారు. లిండెమన్స్ వంటి పాత సంస్థ తియ్యటి క్రీక్‌నూ, తీపి లేని సంప్రదాయ క్రీక్‌నూ రెండింటినీ చేస్తున్నది. తేడా తెలుసుకోవడానికి లేబుల్ మీద ‘ఔడె’ (డచ్ భాషలో ‘పాత’) అనే మాట ఉన్నదేమో చూడండి; ఉంటే అది తీపి లేని సంప్రదాయ రకం. ఔడె గూజ్, ఔడె క్రీక్ అనే పేర్లకు 1997లో యూరోపియన్ యూనియన్ రక్షణ ఇచ్చింది. కొత్తగా మొదలుపెట్టేవారికి నేను ముందుగా సూచించేది బోన్ వారి ఔడె గూజ్. ఫ్రాంక్ బోన్ 1975లో లెంబేక్ గ్రామంలో, గూజ్ దాదాపు కనుమరుగవుతున్న రోజుల్లో ఆ పని చేపట్టాడు. ఆ బీరులో పులుపు మృదువుగా ఉంటుంది. 1900లో బ్రస్సెల్స్‌లోని ఆండర్లెక్ట్‌లో మొదలైన కాంటియోన్ వారిది మరింత పదునైనది. దానిని రెండో మెట్టుగా పెట్టుకోండి.

ప్రశ్న: ఇంతమంది సూక్ష్మజీవులు పని చేసిన బీరు ఆరోగ్యానికి ప్రమాదం కాదా? ఇలాంటిది ఇక్కడే తయారుచేయవచ్చా?
– ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: మొదటి వారాలలో కనిపించే ఆ పేగుల బ్యాక్టీరియా ఆల్కహాలు, ఆమ్లం పెరిగేసరికి నశించిపోతాయి. పూర్తయిన లాంబిక్‌లో ఆమ్లం మజ్జిగలో కన్నా ఎక్కువ. దానికి తోడు రెండు మూడేళ్ళు నిల్వ ఉంచి చేదు చచ్చిన హాప్స్ కూడా బ్యాక్టీరియాను అదుపులో పెడతాయి. కనుక ఆ భయం అక్కరలేదు. అయితే కడుపులో మంట, పుండు ఉన్నవారికి ఈ పులుపు పడదు. ఇందులో ఉన్న ఆల్కహాలు కూడా మామూలు లాగర్‌కు సమానం లేదా కొంచెం ఎక్కువ అన్నది మరవకండి.

తయారీ విషయానికి వస్తే, లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాయడం మన చట్టం ఒప్పుకోదు. ఆ మాట అటుంచినా వాతావరణమే పెద్ద అడ్డంకి. బెల్జియంలో కూడా లాంబిక్‌ను దాదాపు అక్టోబరు నుంచి ఏప్రిల్ వరకే కాస్తారు; వేసవి రాత్రులలో ద్రవం తగినంత చల్లారదు, చెడగొట్టే బ్యాక్టీరియా విజృంభిస్తాయి. మన డిసెంబరు రాత్రులు సైతం అక్కడి అక్టోబరు రాత్రుల కన్నా వెచ్చన.

ప్రశ్న: రాగి సంగటి, నాటుకోడి పులుసుతో గూజ్ బాగుంటుందా? సీసాను కొంతకాలం దాచుకోవచ్చా?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: సంగటితో బాగుంటుంది గాని పులుసు కారంతో బాగుండదు. బుడగలూ ఆమ్లమూ కలిసి కారపు మంటను రెట్టింపు చేస్తాయి, బీరులోని సన్నని రుచులన్నీ ఆ మంటలో పోతాయి. బ్రస్సెల్స్‌లో దీనిని రొట్టె మీద పరచిన తెల్లని మెత్తటి జున్ను, ముల్లంగి ముక్కలతో తింటారు. మన వంటల్లో వెన్న రాసిన జొన్నరొట్టె, ఉడికించిన వేరుశనగకాయలు, కారం తగ్గించి మిరియాలతో వేయించిన వేట మాంసం దీనికి సరైన జోడు. కొవ్వు ఉన్న వంటకం తర్వాత ఒక గుక్క వేస్తే నోరు శుభ్రపడుతుంది.

ఔడె గూజ్ చల్లని చీకటి గదిలో పది, ఇరవై ఏళ్ళు కూడా నిలుస్తుంది. ప్రొద్దుటూరు ఇళ్ళలో అటువంటి గది దొరకదు కాబట్టి ఫ్రిజ్‌లో, వెలుతురు తగలకుండా కాగితం చుట్టి ఉంచండి. క్రీక్‌ను మాత్రం ఎక్కువకాలం దాచవద్దు. చెర్రీ పరిమళం ఏడాది రెండేళ్ళలోనే సన్నగిల్లుతుంది.