సమాధానం: హ్యూజ్ హత్యను సైన్యం ఎందుకు కప్పిపెట్టింది?

మీరడిగింది ఇదీ: ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్ మాంగాలో (జపనీస్ బొమ్మల కథలో) లెఫ్టినెంట్ కర్నల్ మేస్ హ్యూజ్‌ని సొంత సైన్యమే ఎందుకు పొట్టనపెట్టుకుంది, అతని స్నేహితుడు, తోటి సైనికాధికారి మస్టాంగ్ ఎందుకు గొడవ చేయలేదు?

హ్యూజ్ దేశం మ్యాపు ముందు కూర్చుని, రక్తపాతం జరిగిన ఊళ్ళను కలిపి చూశాడు. ఆ దేశం, అమెస్ట్రిస్, అంతా ఒక పెద్ద రసవాద వలయమని అర్థమైంది. అంటే ఆ వలయాన్ని రక్తంతో గీయడానికి యుద్ధాలు పైవాళ్ళు కావాలని రగిలించినవే. ఇష్వాల్ అంతర్యుద్ధం కూడా అంతే, ఎవరి రూపమైనా ధరించగల కృత్రిమ జీవి ఎన్వీ సైనికుడి వేషంలో ఒక పసిపిల్లని కాల్చడంతో మొదలైంది. ఆఫీసు ఫోను నమ్మలేక హ్యూజ్ బయటి ఫోన్ బూత్‌కి పరిగెత్తాడు. అక్కడ ఎన్వీ అతని భార్య గ్రేసియా రూపంలో నిలబడింది. ఆ ముఖం చూసి హ్యూజ్ చెయ్యి ఆడలేదు, అంతే. నాకిప్పటికీ మింగుడుపడని పేజీ అది.

దేశాధినేత ఫ్యూరరే కుట్రలో ఉన్నప్పుడు మస్టాంగ్ ఎవరికి ఫిర్యాదు చేస్తాడు? అందుకే లోలోపలే వెతికాడు. కథానాయకులైన ఎడ్, అల్ అన్నదమ్ములు తమవల్లే ఇలా అయిందని కుమిలిపోతారని వాళ్ళకీ నిజం దాచాడు.

2003 అనిమే దారి మార్చింది, దానితో పోల్చకండి. మీరు 15వ సంపుటి, ఇష్వాల్ గతం, నిదానంగా చదవండి. మస్టాంగ్ ఆశయం ఎక్కడిదో అక్కడ తెలుస్తుంది.